ఎడమ పక్క పెట్టె

మా పెళ్లికి బెంగళూరు నుంచి వచ్చిన చిన్నాన్న రెండు చెక్క స్పీకర్లు కానుకగా తెచ్చాడు. తేనె రంగు చెక్క, ముందు నల్లటి గుడ్డ, ఒక్కొక్కటీ చంటిపిల్లంత బరువు. వాటిని పాడించే యాంప్లిఫయర్ మాత్రం తేలేదు. "మీ అత్తగారిది మైక్‌సెట్ ఇల్లంట కదా తల్లీ, ఆ ఇంట్లో యాంప్లిఫయర్లకు కరువా?" అన్నాడు.

ఆ మాటా నిజమే. పామిడి బస్టాండు వెనక మా మామ కుళ్ళాయప్ప షాపులో యాంప్లిఫయర్లు ఒకదాని మీద ఒకటి పైకప్పు దాకా ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా, జాతరైనా, ఓట్ల ప్రచారమైనా మా హారన్లు కూయాల్సిందే. అయినా ఆ రెండు పెట్టెలూ మా ఇంట్లో సరిగ్గా పాడడానికి ఒక ఎండాకాలం పట్టింది.

అప్పటిదాకా నేనూ మా ఆయన విష్ణూ ఒకే ఇయర్‌ఫోన్‌ని చెరో చెవిలో పెట్టుకుని పాటలు వినేవాళ్లం. సాయంత్రం తను అనంతపురం కాలేజీలో ల్యాబు పని ముగించుకుని బండి మీద వచ్చేసరికి నేను మిద్దె మీద నీళ్లు చల్లి, చాప పరిచి ఉంచేదాన్ని. వైరు పొట్టిది కాబట్టి తలలు ఆనించుకోక తప్పేది కాదు. మా అత్త నాగరత్నమ్మ వడియాలు తీయడానికి పైకొచ్చి, "ఏమప్పా, ఆ వైరు ఇంగా పొడుగుది కొనుక్కోకూడదా?" అనేది. కొనుక్కోకూడదని మా ఇద్దరికీ తెలుసు. నవ్వుకుంటూ ఊరుకునేవాళ్లం.

స్పీకర్లకు యాంప్లిఫయర్ కొంటామని విష్ణు చెప్పగానే మామకు పౌరుషం వచ్చింది. "ఇంట్లో ఇన్ని పెట్టుకోని దుడ్లు పెట్టి ఇంగోటి కొంటారా?" అని షాపు నుంచి ఒకటి మోపెడ్ మీద వేసుకొచ్చాడు. దాన్ని బల్ల మీద పెడితే బల్ల మూలిగింది. వైర్లు కలిపాడు. నేను నా ఫోన్లోంచి ఒక వీణ కచేరీ పెట్టాను. ముందు గుయ్యిమని ఒక మోత, దాని వెనక వీణ. ఆ వీణ ఏదో సభలో ప్రసంగం చేస్తున్నట్టుంది. కాసేపటికి ఎదురింటావిడ గడపలోకొచ్చి, "ఏం నాగరత్నమ్మక్కా, ఏం ఫంక్షను? మాకు చెప్పనే ల్యా!" అంది నొచ్చుకుంటూ.

అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. మామ నవ్వలేదు.

"రెండు పెట్టెలకు రెండు రకాల పాటలొస్తాయా ఏందిరా? ఒకే పాట కదా?" అని కొడుకును అడిగాడు.

"పాట ఒకటే నాయనా. వీణ ఆ పక్కనుంచి, మృదంగం ఈ పక్కనుంచి వచ్చాది. మన షాపువన్నీ అన్నిటికీ ఒకే మోత పంపుతాయి. ఇంటికి స్టీరియోది కావల్ల."

మామ కొంచెంసేపు ఆలోచించి, "అంటే కచేరీ ముందర కూకున్నెట్ల," అన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! "అంతే మామా, సరిగ్గా అంతే," అన్నాను ఆయన ఎడమ పక్క నిలబడి. ఆయన నావైపు చూడలేదు. జవాబూ ఇవ్వలేదు. కొడుకుతోనే, "కొనుక్కోండి. నేను వినంది మాత్రం ఇంట్లో పెట్టగూడదు," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో నాకున్న ఒకే ఒక్క ముల్లు అదే. మామ నన్ను ఎప్పుడూ కసురుకోలేదు. అలాగని పలకరించిందీ తక్కువే. వడ్డిస్తూ "ఇంకొంచెం పప్పు వేయనా మామా?" అంటే ఒక్కోసారి పలికేవాడు, ఒక్కోసారి గోడతో మాట్లాడినట్టు ఉండేది. ఎం.కామ్ చదివి వచ్చి పాటలు, స్పీకర్లు అంటున్న కోడలు ఆయనకు నచ్చలేదేమోనని దిగులుపడేదాన్ని. విష్ణుతో అంటే, "మా నాయన చెవులు హారన్ల కోసం పుట్టినాయి, మనుషుల కోసం కాదు," అని తేలిగ్గా తీసేసేవాడు.

మామ వినడమంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. ఈ ప్రాంతపు మైక్‌సెట్ వాళ్లు కొత్త సరుకు కొనేముందు అంగడివాణ్ని అడిగే మొదటి ప్రశ్న ధర కాదు. "కుళ్ళాయప్పన్న విన్నాడా?" అని అడుగుతారు. కల్యాణదుర్గం వాళ్లూ అడుగుతారు, గుత్తి వాళ్లూ అడుగుతారు. ఆయన కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, ఒక పాట వింటాడు. బాగుందంటే బాగున్నట్టు. బాగలేదంటే ఆ సరుకు ఆ సీజన్‌కి ఎవరూ ముట్టుకోరు. మీటర్లు పెట్టి చూసేవాళ్లు కూడా ఆయన మాట తర్వాతే మీటరు మాట నమ్ముతారు.

ఇక మా వెతుకులాట మొదలైంది. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం ఫోన్లో వరసగా చూసేవాళ్లం. అరచేతిలో ఇమిడే చైనా డబ్బా ఒకటి, ఐదు పెట్టెలకు పనికొచ్చే పెద్ద కంపెనీది ఒకటి, మా పెళ్లి పందిరి కంటే ఎక్కువ దీపాలు వెలిగేది ఒకటి. అన్నిటి మీదా వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని రాసి ఉండేది. "మన ఇంట్లో గ్రైండరుకు కూడా అన్ని ల్యావు," అనేవాడు విష్ణు. చిన్న డబ్బా తెప్పించాం. మెల్లగా పెట్టినంతసేపూ ముద్దుగా పాడింది. వాల్యూం కాస్త పెంచితే గొంతు చీరుకుపోయింది. వెనక్కి పంపేశాం. పెద్ద కంపెనీవి మంచివే. ఆ ధరకు మా అత్త ఒక ఆవును కొంటానంది.

చివరికి అనంతపురం పాతూరు సందులో జాకబన్న అంగడికి చేరాం. నిండా సామాను, మధ్యలో ఒక టేబులు, టేబులు వెనక నవ్వుమొహంతో జాకబన్న. ఎన్నో ఏళ్లు ఇతరులవి రిపేరు చేసి, ఈ ఏడాదే తన చేత్తో స్టీరియో యాంప్లిఫయర్లు కట్టడం మొదలుపెట్టాడు. నల్ల రేకు డబ్బా, ముందు తిప్పడానికి రెండు గుండ్రటి బిరడాలు, అంతే. ఒక్క దీపమన్నా మెరవలేదని నేను కొంచెం నిరాశపడ్డాను.

"ఇంట్లో వినేదానికి నికరంగా ముప్పై వాట్లుంటే చాలమ్మా," అన్నాడు. "వేలు వేలు అని రాసేదంతా రాతే. రాసేదానికేమి, నేనూ రాసుకోవచ్చు."

"రాసుకోవచ్చు కదన్నా, అమ్ముడుపోతాయి," అన్నాను.

"కుళ్ళాయప్పన్న కోడలివి, నువ్వేనా ఈ మాటనేది?" అని పెద్దగా నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంటికి తీస్కపోయి వినండి. నచ్చితేనే దుడ్లు. చిన్న ఫంక్షన్లకు రెండు బాక్సులు పెట్టేటోళ్లు కూడా ఇది కావాలంటాండారు. కంబదూరు ఓబిలేష్ నాలుగు చెప్పినాడు, గుత్తోళ్లు చెప్పినారు. అందరూ ఒకే మాట, అన్న వింటే తీసుకుంటామని. ఉండేదంతా ఊడ్చి సామాను తెచ్చినా. అన్న బాగుందన్నాడంటే ఈ ఎండాకాలానికి నేను నిలబడినట్టే."

ఆ నల్ల డబ్బాను ఒళ్లో పెట్టుకుని విష్ణు బండి వెనక కూర్చుని వచ్చాను. పెన్న వంతెన మీద వేడిగాలి మొహానికి కొడుతోంది, కింద ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు, నాకు మాత్రం పుట్టింటి నుంచి సారె తెస్తున్నంత సంబరం.

ఆ సాయంత్రం మొదటిసారి ఆ పెట్టెలు నిజంగా పాడాయి. వీణ ఎడమవైపు, మృదంగం కుడివైపు, మధ్యలో ఎవరూ లేని చోట గాయని. పల్లవి ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. నేను విష్ణు చెయ్యి పట్టుకుని గిల్లాను. "గాలి పీల్చుకుంటాంది! విన్నావా?" తనూ అంతే చిన్నపిల్లాడిలా, "ఇంగోసారి పెట్టు, ఇంగోసారి పెట్టు," అన్నాడు. అత్త వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "ఆయమ్మ యాడ కూకోనుండాది?" అని రెండు పెట్టెల మధ్య గోడకేసి వెతికింది.

మామ షాపు మూసి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకున్నాడు. మేం ఊపిరి బిగబట్టాం. పాట అయిపోయింది.

"కుడిది కండ్లకద్దుకోవచ్చు," అన్నాడు. "ఎడమది పడుకోనుండాది."

విష్ణు మొహం వాడిపోయింది. నేను మళ్లీ విన్నాను. నా చెవులకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కానీ నావి అప్పుడు కొత్త పెళ్లికూతురి చెవులు. వాటికి ప్రెషర్ కుక్కర్ కూత కూడా బాగానే వినిపించేది. ఆ మాట విష్ణుతో అంటే, "మా నాయన ఊరికే అనడు," అన్నాడు. పొద్దున్నే డబ్బా జాకబన్నకు తిరిగి వెళ్లింది.

జాకబన్న విప్పి చూశాడు, మీటరు పెట్టి చూశాడు, ఏమీ దొరకలేదు. అయినా వాదించలేదు. "అన్నకు వినపడిందంటే ఏదో ఉంటాది," అని ఇంకొకటి ఇచ్చాడు. మామ విన్నాడు. "ఇదీ అంతే. ఎడమ పక్కది నీరసం." ఈసారి ఆ మాట మా ఇంటి గోడల మధ్య ఆగలేదు. షాపులో టీ తాగుతూ ఎవరో అడిగితే మామ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయనకు వేరేలా చెప్పడం రాదు. వారం తిరక్కుండా గుత్తి వాళ్లు వద్దన్నారు. తర్వాత ఓబిలేష్ వద్దన్నాడు. విష్ణు కాలేజీ నుంచి వస్తూ అక్కడ ఆగినప్పుడల్లా అంగట్లో నల్ల డబ్బాల వరస పెరుగుతోందని చెప్పేవాడు.

మూడోది జాకబన్న స్వయంగా బస్సులో తెచ్చాడు. గడప లోపలికి రాలేదు. "పాపా, దీంట్లో సామాన్లన్నీ మార్చినా. ఇది కూడా బాగలేదంటే బళ్లారిలో మా బామ్మర్ది దగ్గర పనికి పోతా. వానొచ్చినా రాకపోయినా మీ చేన్లన్నా ఆడే ఉంటాయి. నాకు ఈ డబ్బాలే," అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మంచినీళ్లిస్తే నిలబడే తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మామ విన్నాడు. ఎప్పటిలాగే అన్నాడు. విష్ణు బండి తీసుకుని కాలేజీకి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక మామే పిలిచాడు. "పాపా, అది మల్లొకసారి పెట్టు. మనిషి పాపం అంత దూరం మోసుకోనొచ్చినాడు." ఆయన న్యాయమైన మనిషి. అందుకే నాకు ఆయనంటే భయంతోపాటు ఇష్టం కూడా. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా మొహం మీద కొడుతోందని ఆయన కుర్చీని వెనక్కి తిప్పుకుని, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను వీణ కచేరీ పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. పాట సగంలో ఉండగానే పెదవి విరిచాడు.

"అదే, సూడు. ఎడమది ల్యా." అని ఎడమ చెయ్యి చాపి, వెనక ఉన్న పెట్టెను చూపించాడు.

నేను ఆ పెట్టెను చూశాను. మృదంగం పెట్టె. పొద్దున ఆయన కళ్లకద్దుకోవచ్చన్న కుడి పెట్టె.

"మామా, అది..." అన్నాను.

ఆయన నా మొహం చూసి, మెల్లగా తల తిప్పి పెట్టెను చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు. వీణ ఇంకా పాడుతూనే ఉంది. చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కాఫీ ఉంటే కాస్త పెట్టు పాపా," అన్నాడు.

వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడ్డాను గానీ పొయ్యి వెలిగించడం మరిచిపోయాను. అత్త వెనక గుమ్మం దగ్గర కూర్చుని విత్తనాలకు వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, చేటలో చెయ్యి ఆపింది.

"నీకూ తెల్సిపాయనా?" అంది.

"మీకు తెలుసా అత్తా?"

"నేను కుడిపక్కకు మారి శానా దినాలాయ. మంచం ఈ పక్కకేసుకున్నా, అన్నం ఈ పక్కనుంచి పెడ్తాండా. నువ్వేమో పాపం ఎప్పుడు సూసినా ఆ పక్కనే పోయి నిలబడ్తావు."

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇన్నాళ్లూ నా మాటలన్నీ ఆ ఎడమ పక్కన పోసి, ఆయన నన్ను ఇష్టపడలేదని తిరుగుతున్నానా!

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పేది? మన పొయ్యి మండేదే ఆ చెవి మీద. అది పోయిందని నా నోటితో అనల్లనా?" అత్త కాయ ఒకటి పట్టుకుని ఒలవకుండానే తిప్పుతూ ఉండిపోయింది. "ఆయప్పకు కూడా తెలీదే. మనుషులు మెల్లగా మాట్లాడ్తాండారు అంటాడు. హారన్లు ముందర మాదిరి చెయ్యడం ల్యా అంటాడు."

సాయంత్రం విష్ణు వచ్చి అన్నం దగ్గర చెప్పాడు. "జాకబన్న అంగడి ఖాళీ చేస్తాడంట. ఓనరుతో మాట్లాడినాడు." నేను మామ కుడిపక్కన మజ్జిగ గిన్నెతో నిలబడి ఉన్నాను. మామకు ఆ మాట స్పష్టంగా వినపడిందని నాకు తెలుసు. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. ముద్ద మాత్రం నోటికి వెళ్లలేదు.

గదిలోకి వెళ్లాక విష్ణుకు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ తన దగ్గర నేను ఒక్క మాట దాచలేదు. బజార్లో చూసిన గాజుల రంగు నుంచి అత్త అన్న జోకుల దాకా అన్నీ చెప్పేదాన్ని. ఇది చెప్పలేకపోయాను. వాళ్ల నాయన చెవి మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేయకూడదనిపించింది. మరి జాకబన్న? ఆ సగంలో ఆగిన నవ్వు? ఒకరి పరువు కాపాడాలంటే ఇంకొకరి బతుకు సందులోంచి సర్దుకుని వెళ్లిపోవాలా? అటు తిరిగి పడుకుంటే విష్ణు, "ఏమప్పా, అలిగినావా?" అని చక్కిలిగింత పెట్టాడు. మొదటిసారి నాకు నవ్వు రాలేదు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లాను. మామ అరుగు మీద కూర్చుని వీధి చూస్తున్నాడు. కుడిపక్కకు వెళ్లి నిలబడ్డాను.

"మామా, జాకబన్న యాంప్లిఫయర్‌లో తప్పేమీ లేదు."

"తెల్సు," అన్నాడు. గ్లాసు తీసుకుని, తాగకుండా పట్టుకున్నాడు. "రాత్రి ఫోను ఆ చెవికి పెట్టుకోని సూసినా. నీళ్లలో మునిగినట్టుండాది."

నేను ఆయన కుడిపక్కనే అరుగు మీద కూర్చున్నాను.

"నేను అన్న మాట ఊరంతా తిరిగింది. మల్ల నా నోటితోనే తీసుకోవల్ల. పది గంటల బస్సుకు పోదాం, వచ్చావా?"

"విష్ణుకు చెప్పనా మామా?"

"వాన్ని మధ్యాన్నం జాకబ్ అంగడికి రమ్మను. అందరికీ ఒకేసారి చెప్తా. ఒక్కొక్కరికీ చెప్పాలంటే నాతో కాదు."

బస్సులో ఆయన కిటికీ పక్క సీటు నాకు ఇవ్వబోయి ఆగి, తనే లోపలికి జరిగాడు. అలా కూర్చుంటే నేను ఆయన కుడిపక్కన ఉంటాను. దారంతా మాట్లాడాడు. పిల్లప్పుడు జాతరలో హారన్ కింద నిద్రపోయిన సంగతి, ఓట్ల జీపులో అభ్యర్థి పేరు మరిచిపోయి అవతలివాడి పేరు చెప్పిన సంగతి. పెళ్లయిన ఇన్ని నెలల్లో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. నేను నవ్వి నవ్వి ముందు సీటుకు తల కొట్టుకున్నాను.

ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. బయట నుంచి నేను అద్దంలోంచి చూస్తున్నాను. కుడి చెవి పరీక్షలో ఆయన వేలు చకచకా లేచింది. తర్వాత పరీక్ష చేసే అమ్మాయి మీట ఇంకో పక్కకు మార్చింది. మామ వేలు మోకాలి మీదే ఉంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, తల కొంచెం వంచి వింటున్నాడు. తన జీవితంలో ఏ యాంప్లిఫయర్‌నీ అంత శ్రద్ధగా విని ఉండడు. వేలు లేవలేదు. నేను చూపు తిప్పుకున్నాను.

ఎప్పుడూ హారన్ ఏ పక్క ఉండేదని డాక్టరు అడిగాడు. జీపులో, స్టేజీ మీద, అన్నిచోట్లా ఎడమపక్కే అన్నాడు మామ. నరం దెబ్బతిందని, తిరిగి రాదని, ఉన్న చెవిని కాపాడుకోవాలని, మిషను పెడితే కొంత సాయమని డాక్టరు చెప్పాడు. "ఉండే చెవి మాత్రం బాగుండాది కదా సార్?" అని మామ రెండుసార్లు అడిగి చెప్పించుకుని బయటికొచ్చాడు.

జాకబన్న అంగట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్లింది. టేబులు మీద మాత్రం మూత లేని కొత్త యాంప్లిఫయర్ ఒకటి ఉంది. బళ్లారికి వెళ్లేముందు ఆఖరుదని ఆ పొద్దునే కట్టాడట. కంబదూరు ఓబిలేష్ తన పాత సౌండ్ మిక్సర్ రిపేరుకు తెచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి ఇద్దరూ లేచారు. విష్ణు అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని ఉన్నాడు.

"కూకో అన్నా," అన్నాడు జాకబన్న. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మామ కూర్చోలేదు. "జాకబూ, నీ సరుకు బాగుండాది. మూడూ బాగుండాయి. నా చెవే బాగల్యా," అన్నాడు. "ఎడమ చెవి పోయింది. ఇప్పుడే డాక్టరు దగ్గర రాయించుకోనొచ్చినా. నేను తప్పు చెప్పినా. ఓబిలేషూ, నువ్వు విన్న మాట తప్పు. గుత్తోళ్లకూ నేనే ఫోను చేసి చెప్తా."

ఓబిలేష్ మామను చూశాడు, విష్ణును చూశాడు, కాళ్ల దగ్గరున్న తన మిక్సర్‌ను చూశాడు.

"అట్లయితే అన్నా, పోయిన సీజన్లో నా మిక్సరు చెత్త అంటివే, అది కూడా తప్పేనా?"

"అది కాదప్పా. అది రెండు చెవులకీ చెత్తే."

ముందు నవ్వింది జాకబన్న. ఆ నవ్వు ఈసారి సగంలో ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "ఇంత మాట ఇంగెవరన్నా ఒప్పుకుంటారా అన్నా," అన్నాడు. విష్ణు గోడ దగ్గర నుంచి వచ్చి, వాళ్ల నాయనకు ఎడమపక్క ఉన్నవాడల్లా వెనక నుంచి చుట్టి కుడిపక్కకు వచ్చి నిలబడ్డాడు. మామ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, బరువంతా ఆనించి, అప్పుడు కూర్చున్నాడు.

"సరే, ఈ కొత్తది పెట్టు. విందాం," అన్నాడు.

"నువ్వు విని చెప్తావా అన్నా?"

"కుడిది నేను చెప్తా. ఎడమది మా పాప చెప్తాది. పాపా, రా, ఈ పక్క కూకో."

జాకబన్న రెండు పెట్టెలకు వైర్లు తగిలించాడు. ఓబిలేష్ తన స్టూలు నాకు ఇచ్చాడు. నేను మామకు ఎడమపక్క కూర్చున్నాను. పాట మొదలైంది. అందరూ నన్ను చూస్తున్నారు. పెళ్లిచూపుల్లో కూడా నాకు అంత చెమట పట్టలేదు. కళ్లు మూసుకున్నాను. పాట బాగుంది. చాలా బాగుంది. గొంతు నిండుగా, దగ్గరగా ఉంది. కానీ మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీలో ఏదో ఉంది. సన్నగా, దోమ తిరిగినట్టు. మళ్లీ విన్నాను. ఉంది. ఎడమ పెట్టెలోనే ఉంది.

కళ్లు తెరిచాను. జాకబన్న మొహంలో ఆశ చూస్తే బాగుందని అనేసి లేచిపోవాలనిపించింది. అంగడి నిలబడిన రోజు, ఇప్పుడా చెప్పడం? మామ వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు, నా మాట కోసం.

"పాట బాగుందన్నా. రెండు పక్కలా సమానంగా ఉంది," అన్నాను. "ఎడమ దాంట్లో మాత్రం సన్నగా గుయ్యిమంటోంది."

మామ ఒక కన్ను తెరిచాడు.

"ఎడమదా?"

"ఎడమదే మామా."

"సరిగ్గా ఇన్నావా పాపా? ఈ ఎడమతో నాకు ఒకసారి శాస్తి అయింది."

"సరిగ్గానే విన్నాను."

జాకబన్న డబ్బా మీదికి వంగి, వేలితో ఒక్కొక్క వైరూ కదిపి చూశాడు. ఒక చోట ఆగి, నాలుక కరుచుకున్నాడు. "ఎర్తు వైరు అతకలేదు. నా తప్పే," అని వైరు అతకడానికి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టాడు. ఓబిలేష్ టీలు చెప్పడానికి బయటికెళుతూ, "ఇంగ మనం ఈ యమ్మకు కూడా భయపడల్లప్పా," అన్నాడు.

మామ నవ్వుతున్నాడు. ఐరన్ వేడెక్కేదాకా అందరం అలాగే కూర్చున్నాం.